రంగులు మనకి, గొట్టాలు వాళ్ళకి

మొన్న ఆదివారం ఇంకో గృహప్రవేశానికి వెళ్ళొచ్చాం. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు మనవాళ్ళ ఇళ్ళు ఎలా లేస్తున్నాయో ఇక్కడున్న వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. గుమ్మానికి తోరణాలు, దిష్టి తీసిన గుమ్మడికాయ, కొత్త స్టవ్ మీద పాలు పొంగించడం, పొంగిన పాలు బర్నర్లలోకి దిగకుండా గిన్నె కింద ఓ పెద్ద పళ్ళెం. సత్యనారాయణ వ్రతం అయ్యాక, భోజనాలకి ముందు, ఇల్లు చూపించే కార్యక్రమం. ఇంటాయన ముందు నడుస్తూ "ఇది మీడియా రూమ్, ఇది గేమ్ రూమ్, ఇది నా ఆఫీసు" అని చూపించుకుంటూ వచ్చి, వంటింటి దగ్గర ఆగి భార్య వైపు తిరిగి, "ఇది మాత్రం పూర్తిగా మేడమ్ గారి ఛాయిస్" అన్నాడు. అందరం నవ్వాం. ఆ అమ్మాయి కూడా నవ్వింది.

నేను వంటిల్లు చూశాను. తెల్లటి క్వార్ట్జ్ రాయి, దాని మీద పల్చగా బూడిద రంగు గీతలు. మధ్యలో పెద్ద ఐలాండ్, స్టవ్ ఆ ఐలాండ్ మీదే. పైన పొగ లాగే హుడ్ లేదు. మూడు గాజు దీపాలు వేలాడుతున్నాయి.

"పోపు పెడితే పొగ ఎటు పోతుందమ్మా?" అని మెల్లిగా అడిగాను.

"వేపుళ్ళకీ వాటికీ గరాజ్‌లో ఇంకో స్టవ్ పెట్టుకోవచ్చన్నారండీ" అంది.

అన్నారట. ఇంట్లో వంట చేసేది తను. స్టవ్ ఎక్కడుండాలో అన్నది ఇంకెవరో.

ఆ అమ్మాయి ఛాయిస్ ఏమిటో నాకు బాగా తెలుసు. 2023లో మా ఇల్లు కట్టుకున్నప్పుడు నాదీ సరిగ్గా అదే ఛాయిస్. అల్మరాల రంగు, వాటికి పిడులు, స్టవ్ వెనక గోడకి అతికించే పెంకులు. రంగులు నాకు, గొట్టాలు ఆయనకి. ఈ పంపకం ఎప్పుడు జరిగిందో, ఎవరు చేశారో తెలియదు కానీ, ఇక్కడ మనవాళ్ళ ఏ ఇంట చూసినా ఇదే పంపకం. ఈ పంపకం తప్పు అని చెప్పడానికే ఇవాళ రాస్తున్నాను. కొంచెం ఘాటుగానే ఉంటుంది, ఏమీ అనుకోకండి. ఘాటు బయటికి పోయే దారి మా ఇంట్లోనూ లేదు మరి.

ఊళ్ళో ఉన్న అక్కచెల్లెళ్ళకి ఇక్కడ ఇల్లు ఎలా కడతారో ఓ ముక్క చెప్పాలి. ఇక్కడ మేస్త్రీని పిలిచి, ముగ్గు పోసి, మనకి నచ్చినట్టు కట్టించుకోవడం తక్కువ. బిల్డర్ దగ్గర పది పన్నెండు ప్లాన్లు అచ్చేసి ఉంటాయి. ముందు స్థలం ఎంచుకుంటారు. తూర్పు ముఖం స్థలాలు మనవాళ్ళ చేతుల్లోకి ముందే వెళ్ళిపోతాయి. తర్వాత ప్లాన్. ఆ తర్వాత కట్టడానికి సంబంధించిన మార్పులు, అంటే ఇక్కడో గది కలపడం, అక్కడో బాత్‌రూమ్ పెంచడం. వాటి మీద సంతకాలయ్యాకే డిజైన్ సెంటర్ అనే చోటికి పిలుస్తారు. అక్కడ కాఫీ ఇస్తారు, కుర్చీ వేస్తారు, రాళ్ళు, పెంకులు, కుళాయిలు, తివాచీ ముక్కలు బల్ల మీద పరుస్తారు. "మేడమ్, మీకేది ఇష్టం?" అని మొట్టమొదటిసారి మనల్ని అడిగేది అక్కడే.

అప్పటికి ఇంటి గురించి ముఖ్యమైనవన్నీ తేలిపోయి ఉంటాయి. అదీ సంగతి.

ఇంకో మాట. ఊళ్ళో స్లాబ్ అంటే కప్పు. ఇక్కడ స్లాబ్ అంటే పునాది. టెక్సాస్‌లో చాలా ఇళ్ళు నేల మీద పోసిన కాంక్రీటు పలక మీద నిలబడతాయి. నీళ్ళు బయటికి పోయే గొట్టాలన్నీ ఆ కాంక్రీటు పోయకముందే మట్టిలో వేసేస్తారు. ఒకసారి పోశాక సింకు ఇక్కడ కాదు అక్కడ అంటే, గట్టిపడ్డ కాంక్రీటు కోయాలి. అంటే కింది అంతస్తులో బాత్‌రూమ్ ఎక్కడుండాలి, వంటింటి సింకు ఎక్కడుండాలి అన్న నిర్ణయాలు పెంకుల రంగుకన్నా చాలా ముందే భూమిలో కూరుకుపోతాయి. నన్ను డిజైన్ సెంటర్‌కి తీసుకెళ్ళేసరికి నా ఇరవై ఏళ్ళ పనీ ఎలా జరగాలో ఎవరో అప్పటికే ప్లాన్ గీసి పెట్టేశారు.

మా ఇంట్లో ఆ నిర్ణయాలు ఎవరు చేశారు? మావారు, ఆయన ఆఫీసు స్నేహితులిద్దరు, ఇల్లు ఇప్పించే ఏజెంటు, ఓ వాట్సాప్ గ్రూపు, విజయవాడ నుంచి ఫోన్లో వాస్తు చూసిన పెద్దాయన. వీళ్ళలో ఒక్కరు కూడా మా ఇంట్లో రోజుకి మూడు పూటలా వంట చెయ్యరు. పెద్దాయన ప్లాన్ చూసి వంటిల్లు ఆగ్నేయంలో ఉంది, భేష్ అన్నారు. ఆ ఆగ్నేయంలో లేచిన పొగ ఎటు పోవాలో ఆయన అడగలేదు. నైరుతిలో యజమాని పడకగది ఉందా అని చూశారు. యజమాని అంటే ఆయన దృష్టిలో ఒక్కరే.

మా స్టవ్ పైన మైక్రోవేవ్ ఉంది, దాని అడుగున ఫ్యాన్. చూడ్డానికి హుడ్ లాగే ఉంటుంది. కానీ అది పొగని బయటికి పంపదు. లోపలికి పీల్చి, ఓ జల్లెడ లోంచి పోనిచ్చి, మళ్ళీ నా మొహం మీదకే ఊదుతుంది. కూరలు ఉడకబెట్టి తినేవాళ్ళకి అది సరిపోతుందేమో. ఎండుమిర్చి, ఇంగువ, ఆవాలు వేసి పోపు పెట్టే మనకి ఏం సరిపోతుంది? మా హాలు కప్పు రెండంతస్తుల ఎత్తు. వచ్చినవాళ్ళు మెడ పైకెత్తి చూసి అబ్బో అంటారు. ఆ అబ్బో అన్న ఖాళీ లోంచే మా పోపు వాసన మేడ మీది పడకగదుల దాకా ఎక్కి, పిల్లల కోట్లలో, దుప్పట్లలో కూర్చుంటుంది. మా అబ్బాయి బడికి వెళ్ళే ముందు చొక్కా వాసన చూసుకుంటాడు. పన్నెండేళ్ళ పిల్లాడికి అది ఎంత పెద్ద బాధో వాడి మొహం చూస్తే తెలుస్తుంది. దానికి నేను అపరాధిని. పప్పులో పోపు వెయ్యడం నా నేరం!

గోడలు మూయకముందు, కర్రల చట్రం కనిపిస్తున్నప్పుడే, బయటికి ఓ రేకు గొట్టం పెట్టించి ఉంటే ఈ గొడవంతా తప్పేది. నేను అడిగాను కూడా. "దానికి ఎక్స్‌ట్రా అవుతుందిట, తర్వాత చూద్దాం" అన్నారు. హాల్లో వేలాడే దీపాల గుత్తికి మాత్రం ఎక్స్‌ట్రా ఇచ్చాం. అది పదిమందికీ కనిపిస్తుంది కదా.

గరాజ్‌లో స్టవ్ సంగతి మా ఇంట్లోనూ వచ్చింది. జూలై, ఆగస్టుల్లో డాలస్ ఎండ 38, 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని గరాజ్‌లో కారు పక్కన నిలబడి వడియాలు వేయించిన వాళ్ళకి తెలుస్తుంది ఆ సుఖం. పైగా అది ప్రమాదం. గ్యాస్ కాలేచోట కార్బన్ మోనాక్సైడ్ పుట్టొచ్చు, మూసిన గరాజ్‌లో అది ప్రాణం తీస్తుంది. అయిదు లక్షల డాలర్ల ఇల్లు కట్టి, ఇల్లాలిని వంటకి కారు షెడ్డులోకి పంపడం ఏ వాస్తులో ఉంది?

ఇవన్నీ చిన్న విషయాలు అంటారా? సరే, చిన్నవే అనుకుందాం. ఇంకోటి చెప్తాను, ఇది చిన్నదో పెద్దదో మీరే చెప్పండి.

మా ప్లాన్‌లో వీధి తలుపు పక్కనే ఒక గది ఉంది. దాన్ని గాజు తలుపుల ఆఫీసు గదిగా ఉంచుకోవచ్చు, లేదా స్నానాల గదితో సహా పడకగదిగా మార్పించుకోవచ్చు. సంతకాల ముందు ఆ కాయితం నేనూ చూశాను. "అమ్మావాళ్ళు వస్తే కింద ఉంటుంది, ఇది మార్పిద్దామండీ" అన్నాను. మేడ మీద గెస్టు రూమ్ ఉంది కదా అన్నారు. ఆ డబ్బు పెడితే మీడియా రూముకి చాలదన్నారు. మళ్ళీ అమ్మేటప్పుడు మీడియా రూమ్ ఉంటే ధర వస్తుందని ఏజెంటు చెప్పాడు. నేను ఊరుకున్నాను. ఈ వ్యాసంలో నేను ఎవరి మీదైనా నేరం మోపుతున్నానంటే, ముందుగా ఆ ఊరుకున్న నా మీదే మోపుతున్నాను.

ఏడాది తిరిగాక అమ్మ వచ్చింది, మోకాలి ఆపరేషన్ అయిన తర్వాత. మెట్లు ఎక్కలేదు. కింద ఉన్న పడకగది మాదొక్కటే. మా గదిలో ఉండమ్మా, మేం పైన పడుకుంటాం అన్నాం. మావారూ మనస్ఫూర్తిగానే అన్నారు. "అల్లుడి గదిలో నేనా? బావుంటుందిటే?" అంది అమ్మ. ఎంత చెప్పినా వినలేదు. గాజు తలుపుల ఆఫీసు గదిలో మడత మంచం వేశాం, తలుపులకి పాత చీరలు కట్టాం. కింద వచ్చేపోయేవాళ్ళ కోసం ఉన్న చిన్న గదిలో కమోడ్, చేతులు కడుక్కునే సింకు తప్ప ఇంకేమీ లేవు. ఇక్కడి బాత్‌రూముల్లో నేల మీద నీళ్ళు పోయే తూము ఉండదు, బకెట్ పెట్టుకుని పోసుకోవడానికీ లేదు. స్నానానికి మా పడకగదిలోంచే వెళ్ళాలి.

అమ్మ స్నానం చెయ్యనిదే కాఫీ తాగదు. చిన్నప్పటి నుంచీ అంతే. మామూలు రోజుల్లో మావారు ఆఫీసుకి వెళ్ళేదాకా, శని ఆదివారాల్లో ఆయన నిద్ర లేచి బయటికొచ్చేదాకా, ఆ మంచం మీద కూర్చుని ఉండేది. ఆదివారాలు పది దాటేది. "తొందరేముందే, నాకేం ఆఫీసా?" అనేది. ఆరు నెలలు ఉందామని వచ్చిన మనిషి మూడో నెల దాటగానే "ఊరు మీద ధ్యాస పోయింది, టికెట్ మార్పించు" అంది. ఊరు మీద ధ్యాస పోలేదని నాకు తెలుసు. మావారికీ తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు. సంతకం పెట్టిన రోజున ఎవరు ఎక్కడ స్నానం చేస్తారన్న ఆలోచన ఆయనకి రాలేదు. నాకు వచ్చింది. నా ఆలోచనకి విలువ లేకపోయింది.

మా మీడియా రూములో ఇప్పటికి ఎన్ని సినిమాలు చూశామో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇక్కడ ఓ ఆక్షేపణ వస్తుంది, ఎప్పుడూ వచ్చేదే. "కష్టపడి సంపాదించి వాయిదాలు కట్టేది ఆయన. ఆయన మాట నెగ్గకపోతే ఎలా?" సరే, వాయిదాల లెక్కే చూద్దాం. 7 శాతం వడ్డీకి 30 ఏళ్ళ అప్పులో కలిపిన ప్రతి పదివేల డాలర్ల హంగూ తీరేసరికి దాదాపు 24 వేలవుతుంది. దీపాల గుత్తీ, మీడియా రూమూ అన్నీ అందులోవే. ఇంటి పన్ను వేరు. టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్రం పన్ను లేదని మురిసిపోతాం కానీ, ఇంటి మీద ఏటా రెండు శాతం దాకా, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే పోతుంది. అయిదు లక్షల ఇంటికి రెండు శాతమంటే ఏడాదికి పదివేలు. ఇవన్నీ కట్టడానికి ఇంట్లో ఎవరు కోరికలు తగ్గించుకుంటారు? పనిమనిషి లేకుండా, వంటమనిషి లేకుండా, పిల్లల్ని చూసే ఆయా లేకుండా ఆ జీతం పూర్తిగా వాయిదాకి మిగిలేలా చేసేది ఎవరు? ఆ పనులకి మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో ఒక్క నెల లెక్క వేసి చూడమనండి.

పైగా మనలో చాలామంది సంపాదించలేక ఇంట్లో కూర్చున్నవాళ్ళం కాదు. హెచ్-4 వీసా మీద వచ్చాం. 2015 మే దాకా ఆ వీసా మీద ఉద్యోగం చేసే దారే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఓ మెట్టు దాటితేనే పని అనుమతి. ఊళ్ళో బ్యాంకులో పనిచేసినవాళ్ళం, పాఠాలు చెప్పినవాళ్ళం ఇక్కడికొచ్చి "మీరేం చేస్తుంటారు?" అంటే "ఏం లేదండీ, ఇంట్లోనే" అంటున్నాం. ఏం లేదు అనే మాట మనమే అలవాటు చేసుకున్నాం కాబట్టి, ప్లాన్ గీసేటప్పుడు అవతలివాళ్ళూ ఏం లేదనే అనుకుంటారు.

చట్టం కూడా ఇంత పిసినారిగా లేదు. టెక్సాస్‌లో పెళ్ళయ్యాక సంపాదించిన ఆస్తి, జీతం ఎవరిదైనా, మామూలుగా ఇద్దరిదీ కిందే లెక్క. కాపురముంటున్న ఇంటిని భార్య సంతకం లేకుండా భర్త అమ్మలేడు, భర్త సంతకం లేకుండా భార్యా అమ్మలేదు. ఊళ్ళో సంగతి చూడండి. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ళు, ఆంధ్రలో పేదల ఇంటి పట్టాలు ఇల్లాలి పేరునే ఇస్తున్నారు. సెంటు, సెంటున్నర జాగా పట్టా మీద ఆవిడ పేరుంది. మరి ఇక్కడ లక్షల డాలర్ల ఇంటి కాయితాల మీద మీ పేరుందో లేదో చూసుకున్నారా? "నీకు జీతం లేదు కదా, అందుకని పెట్టలేదు" అంటే ఒప్పుకోకండి. అప్పు పత్రంలో పేరు వేరు, హక్కు పత్రంలో పేరు వేరు. జీతం లేనంత మాత్రాన హక్కు పత్రంలో పేరు ఉండకూడదనేం లేదు.

రెండో ఆక్షేపణ ఆడవాళ్ళ నుంచే వస్తుంది. "మనమేం తక్కువ తిన్నామా? పక్కింటి రాయి చూసి అంతకన్నా ఖరీదు రాయి కావాలనేది మనం కాదూ?" నిజమే. నేనూ అన్నాను. దీపాల గుత్తి నేనే ఎంచాను, కాదనను. కానీ ఒక్కటి ఆలోచించండి. మనిషిని రంగుల దగ్గరికి మాత్రమే రానిస్తే, తన పట్టుదలంతా రంగుల మీదే చూపిస్తుంది. కిటికీ ఎక్కడుండాలో అడిగి ఉంటే కిటికీ గురించి దెబ్బలాడేదాన్ని.

ఇంకో విశేషం. వంటిల్లు పనిచేసే చోటు అని గుర్తించి, అక్కడ నిలబడేవాళ్ళ అడుగులు లెక్కపెట్టి గీసినవాళ్ళు వందేళ్ళ కిందటే ఉన్నారు. 1926లో మార్గరెటె ష్యూట్టె-లిహోత్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు, జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించిన మామూలు కుటుంబాల ఇళ్ళకి ఓ వంటిల్లు గీసింది. చాలా చిన్నది. కానీ కూర్చుని తరుక్కోవడానికి పీట, కిటికీ వెలుతురు పడేచోట బల్ల, పిండికీ బియ్యానికీ చేతికందే సొరుగులు అన్నీ ఆలోచించి పెట్టింది. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. మా వంటిల్లు దానికి ఎన్నో రెట్లు పెద్దది. నా ఎత్తు అయిదడుగులు. ఇక్కడ గట్టు ఎత్తు అందరికీ ఒకటే, 36 అంగుళాలు. చపాతీ ఒత్తాలంటే మడమలెత్తాలి. పై అల్మరాలు కప్పుదాకా ఉన్నాయి, ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటాయి. వాటిలో నాకు అందేది కింది అర ఒక్కటే. మిగతావాటి కోసం ఓ ముక్కాలిపీట నా వెంట వంటిల్లంతా తిరుగుతూ ఉంటుంది.

అందుకని, కొత్త ఇల్లు అనుకుంటున్న అక్కచెల్లెళ్ళకి నా మాట ఇది. డిజైన్ సెంటర్ రోజు దాకా ఆగకండి. ప్లాన్ కాయితం ఇంటికొచ్చిన మొదటి రోజునే పెన్సిల్ తీసుకుని కూర్చోండి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి దీపం ఆర్పేదాకా మీరు ఎక్కడెక్కడ తిరుగుతారో ఆ కాయితం మీద గీయండి. పొగ ఎటు పోతుందో చూడండి. గ్రైండర్ ఎక్కడ పెడతారు, దాన్ని ఎత్తకుండా కడగగలరా? తడిబట్టలు ఆరేసే చోటు ఉందా? కింద పడుకునే పెద్దవాళ్ళు ఎవరి గదిలోంచీ పోకుండా స్నానం చెయ్యగలరా? కాంక్రీటు పోయకముందొకసారి, గోడలు మూయకముందొకసారి మీరే స్వయంగా వెళ్ళి చూడండి. బిల్డర్ మనిషి కాకుండా మీ తరఫున ఓ ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి, దానికయ్యేది కొన్ని వందల డాలర్లే. చివరి సంతకాల రోజున హక్కు పత్రంలో మీ పేరు మీ కళ్ళతో చదువుకోండి. "ఇవన్నీ నీకెందుకు?" అంటే, "రోజంతా అక్కడ ఉండేది నేను కనుక" అనండి. అంతకన్నా పెద్ద జవాబు అక్కర్లేదు.

ఈ ఏడాది మా ఆఫీసు గదిని ఆనుకుని స్నానాల గది కట్టిస్తున్నాం. నేల కోస్తున్నారు. మొదట్లోనే చేయించుకుని ఉంటే అయ్యేదానికి ఎన్నో రెట్లు అవుతోంది. మావారు బిల్లు చూసి నిట్టూర్చారు కానీ ఒక్క మాట అనలేదు. వచ్చే దసరాకి అమ్మని రమ్మన్నాను. "మళ్ళీ అంత దూరం నేనేం వస్తానే" అంటోంది. వస్తుందో రాదో తెలియదు. పెంకులు ఏ రంగువి కావాలని పనివాడు అడిగాడు. మీ ఇష్టం అన్నాను. తూము వాలు సరిగ్గా ఉందో లేదో మాత్రం దగ్గర నిలబడి చెంబుతో నీళ్ళు పోసి చూసుకుంటున్నాను.